పాల పెప్టైడ్‌లతో ఆకలిని అదుపు చేయడం: ఎంత, ఎప్పుడు, ఎలా

పాల నుంచి తీసిన ఏ పొడీ ఒంట్లో కొవ్వును కరిగించదు. అది చేసే పని ఒక్కటే. భోజనానికి అరగంట ముందు తగిన మోతాదులో తాగితే, ఆ పూట మామూలుగా తినేదానికన్నా తక్కువకే కడుపు నిండినట్టు అనిపిస్తుంది. బరువు తగ్గేది ఆ పూట తినకుండా వదిలేసిన తిండి వల్లే. అది పట్టించుకోకుండా డబ్బా తెరిస్తే, రోజూ తినేది తింటూ పైన ఇంకో వంద కేలరీలు తాగినట్టవుతుంది. అప్పుడు బరువు పెరుగుతుంది కూడా.

పెప్టైడ్‌లు ఎక్కడి నుంచి వస్తాయి

ఆవు పాలలో 100 మి.లీ.కి సుమారు 3.3 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అందులో 80 శాతం కేసిన్. మిగతా 20 శాతం, పాలు విరిగాక తేటలో ఉండిపోయే వే ప్రొటీన్. ఈ పెద్ద ప్రొటీన్‌లు తెగి, రెండు నుంచి ఇరవై దాకా అమైనో ఆమ్లాలు ఉండే ముక్కలైతే వాటిని పెప్టైడ్‌లు అంటారు. తెగడానికి మూడు దారులున్నాయి. మన కడుపులో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లు కోస్తాయి. పాలు పులిసేటప్పుడు బ్యాక్టీరియా కోస్తుంది. ఫ్యాక్టరీలో ఎంజైమ్‌లు కలిపి కోస్తారు. అలా ముందే కోసి అమ్మేదే హైడ్రొలైసేట్.

ఈ ముక్కలు, వాటి నుంచి విడివడిన అమైనో ఆమ్లాలు చిన్నపేగు గోడకు తగలగానే అక్కడి కణాలు సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను వదులుతాయి. కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది, ఇక చాలన్న సంకేతం మెదడుకు చేరుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ కొంత తగ్గుతుంది. ప్రొటీన్‌కు ఇంకో లాభం ఉంది. దాన్ని అరిగించుకోవడానికే అందులోని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతాయి. పిండి పదార్థాలకైతే ఈ ఖర్చు 5 నుంచి 10 శాతమే.

ప్రకటనలు మాత్రం ఇక్కడితో ఆగవు, పాల పెప్టైడ్‌లు జీఎల్‌పీ-1ను ఎక్కువసేపు నిలబెడతాయనీ అంటాయి. జీఎల్‌పీ-1ను మన ఒంట్లోని డీపీపీ-4 అనే ఎంజైమ్ రెండు మూడు నిమిషాల్లోనే పనికి రాకుండా చేసేస్తుంది. వేలోని ప్రధాన ప్రొటీన్ అయిన బీటా-లాక్టోగ్లోబులిన్ నుంచి వచ్చే కొన్ని చిన్న పెప్టైడ్‌లు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయని ప్రయోగశాలలో తేలింది, అది నిజమే. కానీ పరీక్షనాళికలో పనిచేసిన పెప్టైడ్ పేగు దాటి రక్తంలోకి రావాలి కదా. రెండు, మూడు అమైనో ఆమ్లాల ముక్కలు కొంత మేర యథాతథంగా లోపలికి వెళ్తాయి. అంతకన్నా పొడవైనవి చాలావరకు పేగు గోడ దగ్గరే మళ్లీ తెగిపోతాయి. అందుకే ‘సహజ జీఎల్‌పీ-1 పెప్టైడ్’ అని రాసి ఉన్న డబ్బాను బరువు తగ్గించడానికి వాడే, జీఎల్‌పీ-1 లాగే పనిచేసే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో పోల్చుకోకండి. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. దాని మీద జరిగి 2021లో వచ్చిన స్టెప్-1 అనే ట్రయల్‌లో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. పాల ప్రొటీన్ ఆ స్థాయి సరుకు కాదు.

మరి దీని స్థాయి ఎంత? 2011లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో అధిక బరువు ఉన్నవాళ్లకు 23 వారాల పాటు రోజూ 56 గ్రాముల వే ప్రొటీన్ ఇచ్చారు, తిండి మీద వేరే ఆంక్షలేమీ పెట్టలేదు. అన్నే కేలరీల పిండి పదార్థం తాగినవాళ్లతో పోలిస్తే చివరికి వీళ్ల బరువు 1.8 కిలోలు, కొవ్వు 2.3 కిలోలు తక్కువగా ఉన్నాయి. అంటే ఐదు నెలలకు పైగా తాగితే రెండు కిలోల లోపు తేడా. ఇక వే ప్రొటీన్ ఆకలి తగ్గిస్తుందని, బరువు తగ్గిస్తుందని డబ్బా మీద రాసుకోవడానికి యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకోలేదు. ఆధారాలు చాలవని చెప్పింది. కాబట్టి దీన్ని తిండి తగ్గించుకోవడానికి పట్టుకొమ్మగా వాడుకోవచ్చు గానీ, చికిత్స అనుకోకూడదు.

ఎవరు ఆగాలి

పాలంటే ఎలర్జీ ఉన్నవాళ్లు హైడ్రొలైసేట్ అయినా ముట్టుకోకూడదు. ముక్కలు చేసినంత మాత్రాన ఎలర్జీ పోదు. ఎలర్జీ ఉన్న పసిపిల్లల కోసం తయారుచేసే వైద్య ఫార్ములాలు వేరు, అవి డాక్టరు చెప్తేనే. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడకపోవడం దీనికి సంబంధం లేని సమస్య, దానికి కింద దారి ఉంది.

కిడ్నీ జబ్బు ఉంటే, లేదా కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ ఉంటే ప్రొటీన్ ఎంతన్నది డాక్టరే తేల్చాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ సల్ఫొనైల్‌యూరియా మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గిస్తే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది కనుక ముందే మోతాదు మాట్లాడుకోవాలి. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్ మాత్రకు, క్యాల్షియం ఉన్న పాల పొడికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఉదయం మాత్ర వేసుకునేవాళ్లకు మధ్యాహ్నం, రాత్రి భోజనాల ముందు తాగడం సుఖం. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటిబయాటిక్‌లు కూడా పాలతో కలిస్తే సరిగా ఒంటికి పట్టవు. పార్కిన్సన్స్‌కు లెవోడోపా వాడేవాళ్లలో ప్రొటీన్ ఆ మందుకు అడ్డు తగులుతుంది. గర్భిణులు, పిల్లలు బరువు కోసమని ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు.

ఏ పొడి కొనాలి

ముందుగా కోసిన హైడ్రొలైసేట్ ఖరీదెక్కువ, చేదెక్కువ. నూనె స్వభావం ఉన్న అమైనో ఆమ్లాలు ముక్కల చివర్లలో బయటపడటం వల్ల ఆ చేదు వస్తుంది. దాన్ని కప్పడానికి తీపి, వాసనలు కలుపుతారు. పోనీ ఆకలి విషయంలో మామూలు వే కన్నా మెరుగా అంటే, అలా తేలలేదు. టొరంటో విశ్వవిద్యాలయంలో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో భోజనానికి అరగంట ముందు మామూలు వే 20 నుంచి 40 గ్రాములు తాగినవాళ్లు ఆ తర్వాత తక్కువ తిన్నారు. 10 గ్రాములతోనే భోజనం తర్వాతి షుగరు తగ్గింది. అదే 10 గ్రాములు హైడ్రొలైసేట్‌గా ఇస్తే ఆ ఫలితం రాలేదు. మీ కడుపు ఉచితంగా కోసిపెట్టేదాన్ని బయట కోయించి కొనడంలో అర్థం లేదు. జీర్ణశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లకు వైద్యులు రాసిస్తే ఆ సంగతి వేరు.

మామూలు వేలో రెండు రకాలు చాలు. కాన్సంట్రేట్ 80 అంటే ప్రొటీన్ 80 శాతం దాకా ఉండి, కొంత లాక్టోజ్, కొంత కొవ్వు మిగిలినది. ఐసొలేట్ అంటే ప్రొటీన్ 90 శాతం, లాక్టోజ్ ఒక శాతం లోపు. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లు ఐసొలేట్ తీసుకోవాలి, మిగతావాళ్లకు కాన్సంట్రేట్ సరిపోతుంది.

చీజ్ తయారీలో మిగిలిన తేట నుంచి తీసిన వేలో గ్లైకోమాక్రోపెప్టైడ్ అనే 64 అమైనో ఆమ్లాల ముక్క కూడా ఉంటుంది. చీజ్ కోసం పాలను విరిచే రెన్నెట్‌లోని కైమోసిన్ కప్పా-కేసిన్‌ను కోసినప్పుడు ఇది విడిపోతుంది. ఆమ్లం పోసి విరిచిన పాల తేటలో ఇది ఉండదు. సీసీకేను ఇది పెంచుతుందని జంతువుల్లో చూశారు, మనుషుల్లో ఫలితాలు ఒక తీరున లేవు. దీనికోసం ప్రత్యేకంగా వెతుక్కోనక్కర్లేదు.

లేబుల్ మీద స్కూపు లెక్క చూడకండి, 100 గ్రాముల లెక్క చూడండి. 30 గ్రాముల స్కూపులో 24 గ్రాముల ప్రొటీన్ ఉంటే 80 శాతం. అదే స్కూపులో 15 గ్రాములే ఉంటే మిగతా సగం మాల్టోడెక్స్‌ట్రిన్, చక్కెర, కోకో లాంటివి. పేరులో పెప్టైడ్ ఉన్నంత మాత్రాన ఏమీ లేదు, నేతి బీరకాయలో నెయ్యి ఎంతో అంతే. తర్వాత అమైనో ఆమ్లాల పట్టిక చూడండి. అసలైన వేలో 20 గ్రాముల ప్రొటీన్‌కు ల్యూసిన్ 2 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అది బాగా తగ్గి, పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే అనుమానించాల్సిందే. ప్రొటీన్ పరీక్ష నత్రజనిని కొలిచి, పాల పదార్థాలకైతే దాన్ని 6.38తో గుణిస్తుంది. చవక అమైనో ఆమ్లాలు కలిపి ఆ నత్రజని అంకెను పెంచడం ఈ వ్యాపారంలో పాత మోసమే.

మోతాదు లెక్క

బరువు తగ్గే రోజుల్లో మొత్తం ప్రొటీన్ కిలో శరీర బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు ఉంటే కండ తక్కువ కరుగుతుంది. 80 కిలోల మనిషికి కింది లెక్కనైతే రోజుకు 96 గ్రాములు. ముందు మూడు రోజులు తిన్నదంతా తూచి రాసుకుని, ఇప్పటికి ఎంత అందుతోందో చూసుకోండి. 55 గ్రాములు అందుతుంటే కొరత 41. అప్పుడు రెండు భోజనాల ముందు 20 గ్రాముల చొప్పున ప్రొటీన్ తాగితే లెక్క కుదురుతుంది. ఇప్పటికే 90 గ్రాములు తినేవాళ్లకు ఈ పొడితో పెద్దగా ఒరిగేది ఉండదు.

20 గ్రాముల ప్రొటీన్‌కు కాన్సంట్రేట్ పొడి 25 నుంచి 26 గ్రాములు, అంటే సుమారు 100 కేలరీలు. స్కూపుతో కొలిస్తే తేడా వస్తుంది. అదిమి నింపితే ఒక తూకం, వదులుగా తీస్తే ఇంకో తూకం. మొదటివారం వంటింటి త్రాసు మీద తూచండి, తర్వాత చేతికి అలవాటవుతుంది. 10 గ్రాములకు ఆకలి తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. 40కి పోతే ఆ కేలరీలు పళ్లెంలో తగ్గించడం కష్టమవుతుంది.

తయారీ, తాగే సమయం

1. మూత ఉన్న గ్లాసులో ముందు 200 మి.లీ. చల్లని నీళ్లు పోయండి. పొడి ముందు వేస్తే అడుగున తడి ముద్ద కట్టుకుపోయి, లోపల పొడి పొడిగానే ఉంటుంది.
2. తూచిన పొడి వేసి 30 సెకన్లు గట్టిగా కుదపండి.
3. ఐదు నిమిషాలు అలా ఉంచి నురగ దిగనివ్వండి. నురగతో తాగితే గాలి మింగుతారు, ఆ ఉబ్బరాన్ని పొడి పడలేదనుకుంటారు.
4. భోజనానికి 30 నిమిషాల ముందు, నాలుగైదు నిమిషాల మీద మెల్లగా తాగండి.

వేడిగా కావాలంటే పొడిని రెండు మూడు చెంచాల గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్లలో ముద్దలా కలిపి, 60 డిగ్రీల లోపు వేడి ఉన్న ద్రవంలోకి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. మరిగే ద్రవంలో వేస్తే వే ప్రొటీన్ 70 డిగ్రీలు దాటాక గడ్డకట్టి ఉండలవుతుంది. పోషణ ఎక్కడికీ పోదు గానీ తాగబుద్ధి కాదు. కేసిన్ పొడిని పుల్లటి పళ్లరసంలో కలపకండి. పీహెచ్ 4.6 దగ్గర కేసిన్ విరిగిపోతుంది, గ్లాసులో అడుగున పెళ్లలు మిగులుతాయి.

సమయం ఎందుకంత ముఖ్యమంటే, భోజనంతో పాటే తాగితే హార్మోన్ సంకేతం మెదడుకు చేరేలోపే పళ్లెం ఖాళీ అయిపోతుంది. రెండు గంటల ముందు తాగితే సంకేతం చాలావరకు చల్లారిపోతుంది. 2003లో ఒక బ్రిటిష్ అధ్యయనంలో 48 గ్రాముల వే తాగి 90 నిమిషాల తర్వాత బఫేకు వెళ్లినవాళ్లు, అంతే కేసిన్ తాగినవాళ్లకన్నా తక్కువ తిన్నారు. కాబట్టి పెద్ద మోతాదు గంటన్నర నిలబడగలదు, 20 గ్రాములకైతే అరగంటే మేలు. కేసిన్ కడుపులోని ఆమ్లంలో గడ్డకట్టి నెమ్మదిగా దిగుతుంది, ఆరేడు గంటల పాటు అమైనో ఆమ్లాలు అందిస్తుంది. వచ్చే భోజనం తగ్గించడానికి వే, రెండు భోజనాల మధ్య చాలా ఎడం ఉన్నప్పుడు కేసిన్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

పళ్లెం తగ్గకపోతే అంతా వృథా

ఆకలి తగ్గింది కదా, మనంతట మనమే తక్కువ తింటాం అనుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు. కళ్ల ముందు వడ్డించింది తినేయడం మనిషి అలవాటు. అందుకే పొడి తాగే ముందే పళ్లెం కొలత తేల్చుకోవాలి. అన్నం లాంటి ఉడికిన ధాన్యం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. మామూలుగా తినేదాంట్లో 200 గ్రాములు తగ్గిస్తే 260 కేలరీలు మిగులుతాయి. పొడి తెచ్చిన 100 తీసేస్తే పూటకు నికరంగా 160, రెండు పూటలకు 320. వారానికి 2,240. కిలో కొవ్వుకు 7,700 కేలరీలు అనుకుంటే, కాగితం మీద మూడున్నర వారాలకు ఒక కిలో. 100 గ్రాములే తగ్గిస్తే పూటకు మిగిలేది 30 కేలరీలు, అది ఏ త్రాసుకూ అందదు. ఒక టేబుల్ స్పూన్ నూనె తగ్గించినా 120 కేలరీలు తగ్గుతాయని గమనించండి. చాలామందికి ధాన్యం కన్నా ఇదే తేలిక.

కూరలు, పీచు ఉన్న పదార్థాలు మాత్రం తగ్గించకండి. తగ్గిస్తే మలబద్ధకం పట్టుకుంటుంది, ఆ నెపం పొడి మీద పడుతుంది.

పొడి వద్దనుకునేవాళ్లకు

వెన్న తీసిన పాలు 250 మి.లీ.లో 8.5 గ్రాముల ప్రొటీన్, 85 నుంచి 90 కేలరీలు ఉంటాయి. వెన్న తీసిన పాలపొడితో 20 గ్రాముల ప్రొటీన్ కావాలంటే 57 గ్రాముల పొడి కలపాలి. దాంతో 30 గ్రాముల దాకా లాక్టోజ్, 200 కేలరీలు వస్తాయి. వేతో పోలిస్తే కేలరీలు రెట్టింపు.

గట్టి పెరుగు ఇంతకన్నా నయం. వెన్న తీసిన పెరుగు కిలో తీసుకుని, జల్లెడ మీద పలచటి బట్ట పరిచి పోసి, ఫ్రిజ్‌లో ఆరు గంటలు ఉంచితే సగం నీరు కిందికి దిగుతుంది. మిగిలినదాంట్లో 100 గ్రాములకు 7 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, 280 గ్రాములు తింటే 20 గ్రాములు దాదాపు వచ్చినట్టే. చెంచాతో తినే పదార్థం గనుక తాగేదానికన్నా కడుపులో ఎక్కువసేపు నిలబడుతుంది. పులిసేటప్పుడు పెప్టైడ్‌లు పుట్టడం నిజమే గానీ మామూలు తోడు బ్యాక్టీరియా ప్రొటీన్‌లో కొద్ది భాగాన్నే కోస్తుంది. లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ అనే బ్యాక్టీరియా ఈ పనిలో గట్టిది. వీపీపీ, ఐపీపీ అనే ప్రసిద్ధ పెప్టైడ్‌లు దాని నుంచే వస్తాయి. కానీ వాటిని పరిశోధించింది ప్రధానంగా రక్తపోటు కోసం, బరువు కోసం కాదు.

విరిగిన పాల తేటను వే ప్రొటీన్ అనుకుని తాగేవాళ్లున్నారు. పాలను బాగా కాచి విరిస్తే వే ప్రొటీన్‌లో చాలా భాగం వేడికి గడ్డకట్టి గడ్డలోకే వెళ్లిపోతుంది. 250 మి.లీ. తేటలో మిగిలేది ఒకటి రెండు గ్రాముల ప్రొటీన్, 12 గ్రాముల దాకా లాక్టోజ్. వంటలో వాడుకోండి, ఆకలి తగ్గిస్తుందని మాత్రం తాగకండి.

తేడా చేసినప్పుడు

ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనాలు వస్తే ముందు ఐసొలేట్‌కు మారండి. అయినా తగ్గకపోతే లేబుల్‌లో సార్బిటాల్, మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు, ఇన్యులిన్ అనే పీచు ఉన్నాయేమో చూడండి. తరచుగా అసలు కారణం అవే. ఏమీ కలపని పొడితో వారం చూస్తే తేలిపోతుంది. మొటిమలు కొత్తగా మొదలైతే మూడు నాలుగు వారాలు ఆపి చూడండి, కొందరిలో వేకు, మొటిమలకు సంబంధం కనిపించింది.

తాగిన గంటన్నరకే మళ్లీ ఆకలేస్తుంటే ఆ పూట భోజనాన్ని మరీ ఎక్కువ తగ్గించేశారన్నమాట. ధాన్యం కొలత మార్చకుండా కూర 150 గ్రాములు పెంచండి. అసలు ఆకలిలో తేడాయే లేదంటే తూకం, సమయం రెండూ సరిచూసుకోండి, తర్వాత నీళ్లు 150 మి.లీ.కి తగ్గించి చిక్కగా చేయండి. చిక్కటి ద్రవం పలచటిదానికన్నా ఎక్కువ నిండుగా అనిపిస్తుంది. జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లది తిరగబడిన సమస్య. వాళ్లకు ఆకలే ఉండదు, కండ కరగకుండా ప్రొటీన్ అందించడమే కష్టం. భోజనం ముందు తాగితే వికారం పెరుగుతుంది కనుక, భోజనాల మధ్య గుటకలు గుటకలుగా గంట సేపట్లో తాగడం వాళ్లకు అనువు.

ఎన్నాళ్లు చూడాలి

వారంలో కనీసం నాలుగు రోజులు, ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని వారం సగటు రాసుకోండి. రోజువారీ అంకె ఉప్పు, నీళ్లను బట్టి కిలో అటూ ఇటూ ఊగుతుంది. నడుము చుట్టుకొలతను కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, రెండు వారాలకోసారి కొలవండి.

నాలుగు వారాలకు సగటు కదలకపోతే పొడి పెంచకండి. మూడు రోజులు మళ్లీ తిన్నదంతా తూచి రాయండి. సాధారణంగా పళ్లెంలో తగ్గించాల్సిన 200 గ్రాములు మళ్లీ చేరిపోయి ఉంటాయి, లేదా సాయంత్రం చిరుతిండి పెరిగి ఉంటుంది. అది సరిచేసినా 12 వారాలకు ఒక కిలో కూడా తగ్గకపోతే ఈ పద్ధతి ఆపేసి వైద్యుణ్ణి కలవండి.

తగ్గితే, ముందు ఒక పూట పొడి మానేసి దాని బదులు భోజనంలోనే 20 గ్రాముల ప్రొటీన్ ఇచ్చే పదార్థం పెట్టుకోండి. పళ్లెం కొలత మాత్రం మార్చకండి. రెండు వారాలు బరువు నిలకడగా ఉంటే రెండో పూటదీ మానేయండి.